మూడు సిలిండర్ల బండి ఘాట్ ఎక్కదా?

పాల్వంచలో నాకు తెలిసిన మెకానిక్ షెడ్డు ఒకటుంది. ఆదివారం పొద్దున అక్కడ గంటసేపు కూర్చుంటే కార్ల మీద జనానికి ఉన్న నమ్మకాలన్నీ చెవిన పడతాయి. ఈమధ్య కొత్తగూడెం నుంచి ఒకాయన సలహా కోసం వచ్చాడు. "అన్నా, ఈ బండికి మూడే సిలిండర్లంట. నలుగురం ఎక్కి, సామాన్లు వేసుకుని మారేడుమిల్లి ఘాట్ ఎక్కితే సగంలో ఆగిపోదా?" అని అడిగాడు. భద్రాచలం దాటి, చింతూరు మీదుగా అడవిలోంచి పోయేవాళ్లలో చాలామందికి ఉన్న భయమే ఇది. పది లక్షల లోపు కారంటే మామూలు కుటుంబానికి ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము. వినికిడి మాటలు నమ్మి ఆ సొమ్ము తప్పు చోట పెట్టకూడదనే ఇది రాస్తున్నాను.

అపోహ: సిలిండర్లు తగ్గితే బలం తగ్గుతుంది.

వాస్తవం: మారుతి 800 గుర్తుందా? 1983 చివర్లో వచ్చి 2014 దాకా తయారైన ఆ కారుకు ఉన్నవి మూడు సిలిండర్లే, మొత్తం 796 సీసీ. ఒక తరం మొత్తం పిల్లాపాపలతో దాంట్లోనే కొండలెక్కింది. నాలుగు సిలిండర్లే గొప్ప అన్న మాట తర్వాత అలవాటైంది.

ఒక సిలిండర్ తీసేస్తే దాంతోపాటు ఒక పిస్టన్, దాని రింగులు, కనెక్టింగ్ రాడ్, బేరింగులు, వాల్వులు పోతాయి. ఇవన్నీ ఒకదానికొకటి రాసుకుంటూ పెట్రోలు తినే భాగాలే. పైగా అదే 1200 సీసీని నాలుగు చిన్న గదుల్లో కాక మూడు పెద్ద గదుల్లో మండిస్తే గోడల గుండా పోయే వేడి తగ్గుతుంది. నాలుగు చిన్న గిన్నెల్లో పోసిన పాలు తొందరగా చల్లారతాయి, అవే పాలు పెద్ద గిన్నెలో నిదానంగా చల్లారతాయి. సంగతి అదే.

2024 మేలో వచ్చిన కొత్త స్విఫ్ట్ దీనికి మంచి ఉదాహరణ. పాత నాలుగు సిలిండర్ల ఇంజిన్ శక్తి 90 పీఎస్, కొత్త మూడు సిలిండర్లది 82. కానీ బండిని ముందుకు లాగే టార్క్ 113 న్యూటన్ మీటర్ల నుంచి 112కు మాత్రమే దిగింది. మాన్యువల్ గేర్ల బండి ప్రకటిత మైలేజీ మాత్రం లీటరుకు 22.38 నుంచి 24.8 కిలోమీటర్లకు పెరిగింది. సెకండ్ గేర్‌లో ఘాట్ ఎక్కేటప్పుడు కావలసింది ఆ టార్కే. తగ్గిన 8 పీఎస్ ఎక్కడ తెలుస్తుందంటే, బొగ్గు టిప్పర్‌నో, సారపాక పేపర్ మిల్లుకు పోయే జామాయిల్ కర్ర లారీనో వేగంగా దాటబోయినప్పుడు. అక్కడ ఇంకాస్త ఖాళీ రోడ్డు చూసుకుని దాటాలి.

మూడు సిలిండర్లకు వణుకు ఉన్నమాట నిజమే. బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ మీద చెయ్యి పెడితే సన్నగా తెలుస్తుంది. ఆ రోజు మెకానిక్, ఈ వణుకును బండికి తగలనీయకుండా ఆపే ఇంజిన్ మౌంట్ పాతదొకటి తెచ్చి మా ముందు పెట్టాడు. రెండు ఇనప ముక్కల మధ్య రబ్బరు చీలి, వేలు దూరేంత సందు పడింది. "ఇది పోతే బండంతా ఊగుతుంది సార్. జనం ఇంజినే పోయిందనుకుంటారు" అన్నాడు.

అపోహ: ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుంది.

వాస్తవం: కార్బురేటర్ కార్ల కాలంలో ఇందులో కొంత నిజం ఉండేది. ఇప్పటి ఇంజిన్లకు ఇంజెక్టర్లు, వాటిని నడిపే కంప్యూటర్ ఉన్నాయి. గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. అది గమనించి కంప్యూటర్ ఇంజెక్టర్లను మూసేస్తుంది. అప్పుడు ఖర్చయ్యే పెట్రోలు సున్నా. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. అంటే న్యూట్రల్‌లో దిగడమే నష్టం. అంతకన్నా పెద్ద నష్టం బ్రేకులకు. భారమంతా వాటి మీదే పడి, వేడెక్కి, మలుపులో పట్టు వదిలేస్తాయి. చింతూరు వైపు దిగే ప్రతి డ్రైవర్‌కూ ఇది చెప్పాలని నా కోరిక. దయచేసి గేర్‌లోనే దిగండి.

అపోహ: కానుగ నూనె, ఇప్ప నూనె నేరుగా పోసినా డీజిల్ బండి నడుస్తుంది.

వాస్తవం: మన అడవి పల్లెల్లో ఈ మాట గట్టిగా వినిపించడానికి కారణం ఉంది. 1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజిన్‌ను వేరుశెనగ నూనెతో నడిపి చూపించారు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో మహిళా సంఘాలు కానుగ మొక్కలు పెంచి, నూనె తీసి, అలా ఆదా అయ్యే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు పొందాయి. ఆ ఘనత ఆ ఆడవాళ్లది, దాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. కానీ పంపుసెట్టులాంటి మోటు ఇంజిన్ వేరు, నేటి కారు వేరు. గింజ నూనె డీజిల్ కన్నా సుమారు పదింతలు చిక్కన. నేటి ఇంజెక్టర్ల సన్నటి రంధ్రాల్లో అది సరిగా చిమ్మదు, మసి కట్టి రంధ్రాలు పూడుకుపోతాయి. రసాయన చర్యతో బయోడీజిల్‌గా మార్చి, తగిన పాళ్లలో కలిపితేనే పనికొస్తుంది. నీళ్లతో నడిచే ఇంజిన్ గురించి ఒక్క మాట చాలు. హైడ్రోజన్ కాలిపోగా మిగిలేదే నీరు. బూడిదను మళ్లీ మండించలేం.

ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మీద రెండు రకాల అపోహలు ఉన్నాయి. ఇంజిన్ నాశనమవుతుందనేవాళ్లు ఒకవైపు, మైలేజీకి తేడాయే లేదనేవాళ్లు మరోవైపు. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో కన్నా దాదాపు మూడో వంతు తక్కువ, కాబట్టి తేడా ఉంటుంది. ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై, ఈ10కు సర్దిన కార్లలో మైలేజీ 6–7 శాతం, ఈ10కు తయారై ఈ20కి సర్దిన వాటిలో 1–2 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. పాత బండి అయితే ఇంధనం పోయే రబ్బరు పైపులు ఒకసారి చూపించుకోవాలి. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ గనుక, దానికోసమే తయారుచేసే ఇంజిన్లలో కంప్రెషన్ పెంచి కొంత నష్టం పూడ్చుకోవచ్చు.

ఇక "ఆగు, రేపో మాపో కొత్త ఇంజిన్ వస్తుంది, లీటరుకు యాభై ఇస్తుంది" అనే ఆశ. కంప్రెషన్‌ను నడుస్తుండగానే మార్చుకునే ఇంజిన్‌ను నిస్సాన్ ఇప్పటికే ఖరీదైన కార్లలో పెట్టింది. పెట్రోలును డీజిల్‌లా ఒత్తిడితో మండించే పద్ధతిని 2019లో మాజ్డా తెచ్చింది. ఇవి చౌక కారులోకి రాకపోవడానికి అడ్డం ధరే. చిన్న డీజిల్ కార్లు కనుమరుగైందీ అందుకే. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక, పొగ శుభ్రం చేసే పరికరాల ఖర్చును ఆరు లక్షల బండి మోయలేకపోయింది. ఇంజిన్‌తోపాటు కరెంటు మోటారు కూడా ఉన్న స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు చార్జర్ అక్కర్లేదు, బ్రేకు వేసినప్పుడూ ఇంజిన్ నడిచినప్పుడూ బ్యాటరీని తనే నింపుకుంటుంది. గ్రాండ్ విటారాకు ప్రకటించిన మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. కానీ ఆ సదుపాయం ఇంకా పదిహేను లక్షలు దాటిన కార్లలోనే ఉంది. మన చేతికందే కారులో మార్పు ఒక్కో భాగంగానే వస్తోంది. సిలిండర్‌కు రెండు ఇంజెక్టర్లు, సిగ్నల్ దగ్గర తనే ఆగే ఇంజిన్, వాల్వు తెరుచుకునే వేళను మార్చే ఏర్పాటు, ఇలా.

ప్రకటనలోని మైలేజీ అబద్ధం కాదు. అది రోలర్ల మీద, ఏసీ లేకుండా చేసిన పరీక్ష ఫలితం. మీ లెక్క మీరే తీసుకోవచ్చు. ఖమ్మంలో ట్యాంకు నింపి, భద్రాచలం పోయి వచ్చి, అదే పంపులో మళ్లీ నింపండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే సరి. ఆ కొత్తగూడెం ఆయనకు మెకానిక్ చెప్పిన సలహా ఇంకా నచ్చింది నాకు. "టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కడివే పోకు. ఇంట్లో నలుగురినీ ఎక్కించుకుని, ఏసీ వేసి, ఎత్తు ఉన్న రోడ్డు మీద నడిపి చూడు." మరుసటి ఆదివారం వాళ్లమ్మనూ, భార్యాపిల్లలనూ తీసుకుని ఆయన షోరూముకు వెళ్లాడు.