వాటర్ పంపు ఎందుకు కారుతుంది?

కారు ఇంజిన్ వేడిని రేడియేటర్‌కు చేర్చేది కూలెంట్. దాన్ని ఆగకుండా తిప్పేది వాటర్ పంపు. పంపు ఇరుసు తిరగాలి, ద్రవం మాత్రం బయటికి రాకూడదు. ఆ కష్టమైన పని సీల్‌ది. కూలెంట్ ఏళ్ల తరబడి మార్చకపోయినా, బోరు నీళ్లు పోసినా సీల్ త్వరగా అరుగుతుంది.

రాయ్‌పూర్‌లో మే ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. పండరీ బట్టల బజారు రద్దీలో కారు మెల్లగా కదులుతుంటే రేడియేటర్‌కు ఎదురుగాలి అందదు, ఫ్యానే దిక్కు. అప్పుడు పంపు కారి కూలెంట్ తగ్గితే ఇంజిన్ ఇట్టే మరిగిపోతుంది.

కారు కింద రంగులేని నీరుంటే అది చాలావరకు ఏసీదే. ఆకుపచ్చగానో గులాబీగానో ఉంటే కూలెంట్. పంపు కింది వైపు చిన్న రంధ్రం ఉంటుంది. అది కావాలని పెట్టిందే. సీల్ దాటిన ద్రవం బేరింగ్‌ను పాడుచేయకుండా అక్కడినుంచి బయటపడుతుంది. ఆ రంధ్రం కింద చారికలు, ఎండిన తెల్లటి పెచ్చు కనిపించినా, ఇంజిన్ ఆపి చేత్తో కదిపితే పంపు పుల్లీ ఊగినా పంపు మార్చాల్సిందే.

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ఎవరూ తీయకూడదు. ఒత్తిడిలో ఉన్న ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది. చల్లారాక పెద్దలు కూలెంట్ దించి, బెల్టు, బోల్టులు విప్పి, పాత గాస్కెట్ గీకేసి కొత్త పంపు బిగిస్తారు. టైమింగ్ బెల్టుతో తిరిగే పంపైతే మెకానిక్‌కే వదలాలి. తీసిన కూలెంట్ తియ్యటి విషం, కుక్కలు నాకుతాయి, అందుకే మూతపెట్టి దాచాలి. చివరగా తయారీదారు చెప్పిన కూలెంట్ నింపి, లోపలి గాలి పోయేదాకా ఇంజిన్ నడిపి, చల్లారాక మట్టం మళ్లీ చూడాలి.