సీటు వెనకే పెట్రోల్ ట్యాంక్.. ఆ పాత ట్రక్కుల్లో ఎందుకు మార్చేస్తున్నారంటే?

అమెరికాలో పాత పికప్ ట్రక్కులంటే ఇప్పటికీ యమా క్రేజ్. 1967-72 మోడల్ షెవర్లే సీ10 అందులో ఒకటి. కానీ దీంట్లో పెట్రోల్ ట్యాంక్ ఉండేది క్యాబిన్ లోపల.. సరిగ్గా సీటు వెనకాల! లీకైతే వాసన నేరుగా లోపలికే. మంట అంటుకుంటే డ్రైవర్ వీపు వెనకే.

అందుకే ఓనర్లు దాన్ని తీసేసి, లోడ్ వేసే తొట్టి కింద, ఛాసిస్ రెండు బీమ్‌ల మధ్య కొత్త ట్యాంక్ బిగిస్తున్నారు. సీటు వెనక చోటూ కలిసొస్తోంది.

మరి బీమ్‌ల మధ్యే ఎందుకు? 1973 మోడల్ నుంచి జనరల్ మోటార్స్ ట్యాంకుల్ని బీమ్‌ల బయట, పక్కవైపు పెట్టింది. పక్క నుంచి గుద్దితే మంటలు వస్తున్నాయంటూ పెద్ద వివాదమే నడిచింది. చివరికి 1994లో ప్రభుత్వంతో సెటిల్‌మెంట్.. భద్రతా కార్యక్రమాలకు 5 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చేందుకు కంపెనీ ఒప్పుకుంది. రీకాల్ మాత్రం జరగలేదు.

ట్యాంక్ మార్చేటప్పుడు ఇవి మర్చిపోవద్దు: పెట్రోల్ పైపు సైలెన్సర్ వేడికి దూరంగా ఉండాలి. ఆవిరి పోయేందుకు వెంట్, గట్టి ఎర్త్ వైర్ తప్పనిసరి. ఖాళీగా ఉంది కదా అని పాత ట్యాంక్‌కు వెల్డింగ్ పెట్టొద్దు.. లోపల మిగిలిన ఆవిరి చాలు, పేలడానికి!