తెలుగు రేవులలో వలందుల జాడలు

డచ్చివారిని మన పూర్వులు వలందులనిరి. హాలండు శబ్దము పోర్చుగీసువారి నోట హకారము కోల్పోయి ‘ఒలాందా’ యగును. ఆ రూపమే తెలుగున ‘వలందా’గా మాఱినదని తోచుచున్నది. మచిలీపట్టణమున వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము అను పేటలు నేటికిని కలవు. మూడు జాతుల వర్తకచరిత్రమును ఈ మూడు పేర్లే చెప్పుచున్నవి.

డచ్చి తూర్పు ఇండియా కంపెనీ 1602లో ఏర్పడెను. ఆ కంపెనీవారు 1605లో మచిలీపట్టణమునను, 1606లో నిజాంపట్టణమునను, 1610లో పులికాటునను స్థావరములు నెలకొల్పిరి. వారికి కావలసినవి జాజికాయ, లవంగము; అవి పండు తూర్పుదీవులవారు కోరినది కోరమండల తీరపు వస్త్రము. అందుచే మన సాలెలును, చిరివేరుతో ఎఱ్ఱరంగు పట్టించు అద్దకపువారును ఆ సముద్రవ్యాపారమునకు మూలాధారమైరి.

గీదమునుండి పర్యటనకు వెడలు పరిశోధకునకు నదియే దారి చూపును. ఆ యూరికి ఉత్తరమున బారసూరు కడ పాఱు ఇంద్రావతి గోదావరిలో కలియును. గోదావరి డెల్టాలోని పాలకొల్లున డచ్చివారి వర్తకశాల యుండెను.

1824 నాటి లండను సంధిచే వారి స్థావరములు ఇంగ్లీషువారి పాలయ్యెను. మచిలీపట్టణము, భీమునిపట్టణము, పులికాటులలో డచ్చి సమాధులు నిలిచియున్నవి. యాత్రికులు వానిని చూచి మరలుదురు. కాని ఱాతికి గల రక్షణ పేరునకు లేదు. పేట పేరు మార్చినచో, ఒక తరము గడచునప్పటికి ఆ సాక్ష్యము నశించును. కావున భాషాపరిశోధకుడు సమాధిఫలకములతోపాటు పేటల పేర్లను, వృద్ధుల ఉచ్చారణతో సహా, వ్రాసికొనవలెను.