సవరణ బిల్లులో మనిషెక్కడ?

ఆ మధ్య నల్లగొండలో జరిగిన ఒక సాహిత్య సమావేశంలో భూమి కథల గురించి మాట్లాడుతూ, శాసనసభ ముందుకు వచ్చే బిల్లులను రచయితలు చదవాలన్నాను. ఎం.ఏ. తెలుగు చదివే ఒక విద్యార్థి లేచాడు. "నేను ఒకటి చదివాను సార్. ఫలానా సెక్షన్‌లో ఫలానా మాటలు తొలగించి ఫలానా మాటలు చేర్చవలెను అని ఉంది. అంతే. దాంట్లో మనిషెక్కడున్నడు సార్?" అన్నాడు. సభలో నవ్వారు. నాకు మాత్రం అది నవ్వదగిన ప్రశ్నగా తోచలేదు. ఆ రోజు టైము చాలక సరిగా చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా బిల్లు స్వరూపం. సవరణ బిల్లు ఒంటరిగా చదివితే అర్థం కాదు. దాని పక్కన పాత చట్టాన్ని పెట్టుకోవాలి. తొలగించిన మాటలు పాత చట్టంలో ఉంటాయి, చేర్చిన మాటలు బిల్లులో ఉంటాయి, వాటి ఫలితం ఊళ్ళో ఉంటుంది. బిల్లు చివర "ఉద్దేశాలు, కారణాల ప్రకటన" అని ఒకటి ఉంటుంది. ప్రభుత్వం తాను చేస్తున్నదేమిటని చెప్పుకుంటున్నదో అది అక్కడ తెలుస్తుంది. నిజంగా చేస్తున్నదేమిటో సెక్షన్లలో తెలుస్తుంది. ఈ రెంటి మధ్య దూరాన్ని కొలవడం విమర్శకుడికి కొత్త పనేమీ కాదు. కవి పీఠికలో చెప్పినదాన్నీ, కావ్యంలో చేసినదాన్నీ పోల్చి చూడటం మనకు అలవాటే.

బిల్లును సభలో ప్రవేశపెడతారు, సాధారణ చర్చ జరుగుతుంది, తర్వాత క్లాజుల వారీగా చర్చ. సభ్యుల సవరణలు నెగ్గడమో వీగిపోవడమో అక్కడే. ఆపైన మండలి, గవర్నరు ఆమోదం, గెజిటు. కొన్ని చట్టాలు గెజిటులో అచ్చయిన తర్వాత కూడా అమలు తేదీ కోసం ఎదురు చూస్తాయి. ఈ మెట్లన్నిట్లోనూ మనకు చోటున్నది ఒక్క మొదటి మెట్టు దగ్గరే: బిల్లు ముసాయిదాగా ఉన్నప్పుడు.

ఇక మనిషి సంగతి. పాలకుర్తి ఐలమ్మ పేరు తెలియని తెలుగు రచయిత ఉండడు. పాలకుర్తి ఆనాడు నల్లగొండ జిల్లా జనగాం తాలూకాలోది. విసునూరు దేశ్‌ముఖ్ ఆమె పంట మీద కన్నేశాడు. సంఘం కార్యకర్తలు ఆ పంటను కోసి ఆమె ఇంటికి చేర్చారు. ఇదంతా మనం పాటల్లో, నాటకాల్లో చెప్పుకున్నాం. ఒక్క విషయం మాత్రం తరచు వదిలేస్తాం. ఐలమ్మ దున్నింది కౌలు భూమి. ఆమె పట్టాదారు కాదు. "నా భూమి" అని ఆమె అన్నప్పుడు ఆ మాటకు ఆధారం చెమటా, సంఘమూ. కాగితం ఆమె పక్షాన లేదు.

కాగితం కొంతైనా ఆ పక్షానికి రావడానికి 1946 నుంచి 1951 దాకా సాగిన పోరాటం అవసరమైంది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు జరిగింది. 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. నిర్ణీత కాలాల్లో వరుసగా ఆరేళ్ళకు తక్కువ కాకుండా కౌలుకు దున్నినవాడిని ఆ చట్టం "రక్షిత కౌలుదారు" అన్నది. అతని పేరుతో రిజిస్టర్లు తయారయ్యాయి. అప్పటిదాకా నోటి మాట మీద బతికిన మనిషి మొదటిసారి ఒక రిజిస్టరులోకి ఎక్కాడు. 1951 ఏప్రిల్ 18న ఇదే నల్లగొండ జిల్లాలోని పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబా ముందు వంద ఎకరాలు దానమిచ్చారు. దానం వార్త దేశమంతా తెలిసింది. రక్షిత కౌలుదారు రిజిస్టరు సంగతి మన సాహిత్యంలోకి కూడా పెద్దగా రాలేదు.

ఈ చట్టానికి 1954లో పెద్ద సవరణ జరిగింది. అప్పటి ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు పాలమూరు జిల్లావారు, బహుభాషా పండితులు. ఆ సవరణతో చేరినదే 38-ఇ సెక్షను. రక్షిత కౌలుదార్లు కొనుక్కునే అర్హత ఉన్న భూముల యాజమాన్యం, ఒక నిర్ణీత తేదీ నుంచి వారికే సంక్రమిస్తుందని దాని సారాంశం. దున్నేవానికే భూమి అన్న నినాదం చట్టంలోకి వచ్చిందని సంతోషించదగిన సెక్షను. అయితే ఆ తేదీని ఎవరు నిర్ణయిస్తారు? ప్రభుత్వం ఒక నోటిఫికేషను ద్వారా "ప్రకటించవచ్చును" అని ఉంది. "ప్రకటించవలెను" అని లేదు.

మొదట కొద్ది ప్రాంతాలకే అమలైన ఆ సెక్షను తెలంగాణ జిల్లాలన్నిటికీ వర్తించింది 1973 జనవరి 1 నుంచి. అంటే నల్లగొండ, పాలమూరు రైతుకు "వచ్చును"కూ "వచ్చింది"కీ మధ్య పంతొమ్మిదేళ్ళు గడిచాయి. ఆ ఏళ్ళలో ఏం జరిగింది? ఎ.ఎం. ఖుస్రో హైదరాబాదు భూసంస్కరణల మీద చేసిన అధ్యయనం 1958లో వెలువడింది. చట్టం వచ్చిన తొలి సంవత్సరాల్లోనే రక్షిత కౌలుదార్లలో సగానికి పైగా ఆ హోదాలో మిగల్లేదని అది చూపింది. కొందరు భూమి కొనుక్కున్నారు. ఎక్కువమందిని అక్రమంగా వెళ్ళగొట్టారు, లేదా వాళ్ళు "స్వచ్ఛందంగా" వదులుకున్నారు. ఈ "స్వచ్ఛందంగా" అన్న మాట దగ్గర రచయిత ఆగాలి. దొర గడీ ముందు నిలబడి వేలిముద్ర వేసిన మనిషి స్వచ్ఛందం ఎలాంటిదో చెప్పడానికి గణాంకాలు చాలవు. అది కథకుడి పని. కానీ "వచ్చును" అన్న క్రియాపదాన్ని గమనించని కథకుడికి ఆ కథ దొరకదు.

ఇప్పుడు రెండో ఉదాహరణకు వస్తాను. ఇది మన కళ్ళ ముందు జరిగింది. తెలంగాణ పల్లెలో భూమి గురించి మాట్లాడే ఎవరికైనా పహాణీ తెలుసు. అందులో పట్టాదారు పేరుకు ఒక కాలం, అనుభవదారు పేరుకు ఒక కాలం ఉండేవి. రెండో దాన్ని ఊళ్ళో కాస్తు కాలం అంటారు. భూమి ఎవరిదో మొదటిది చెబుతుంది, నాగలి ఎవరిదో రెండోది చెబుతుంది. 2017 సెప్టెంబరులో భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది. ఆ తర్వాత ఇచ్చిన పాసుపుస్తకంలో, ధరణి రికార్డులో కాస్తు కాలానికి చోటు లేకపోయింది. 2018 మేలో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారుకు అందింది, కౌలుదారుకు అందలేదు. 2020 సెప్టెంబరు 9న, కాళోజీ పుట్టినరోజున, తెలంగాణ భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల బిల్లును శాసనసభలో ప్రవేశపెట్టారు. రెండు రోజులకు సభ దాన్ని ఆమోదించింది. గ్రామ రెవెన్యూ అధికారుల పోస్టుల రద్దు కూడా ఆ సమావేశాల్లోనే జరిగింది.

ఆ కాలం తొలగించడాన్ని సమర్థించిన వాదనను మనం న్యాయంగా వినాలి. జాగీర్దార్లు, దేశ్‌ముఖులు పోయారు. ఇవాళ భూమి కౌలుకిచ్చేది చిన్న రైతే. కాస్తు కాలంలో పరాయి పేరు ఎక్కితే అతని భూమికి చిక్కు వస్తుంది. ఇదీ వాదన. పాలమూరు తెలిసినవాళ్ళు దీన్ని ఒక్క మాటతో కొట్టిపారేయలేరు. పాలమూరు లేబరు దేశంలోని ఆనకట్టలెన్నో కట్టారు. మూడెకరాల చెలక ఉన్నవాడు వానలు లేక ముంబైకో హైదరాబాదుకో పోతూ ఆ చెలకను పక్క రైతుకిచ్చి పోతాడు. అప్పుడు పట్టాదారే వలస కూలీ. దున్నేవాడు అతనికన్నా కలిగినవాడైనా కావచ్చు. కౌలుదారు అనగానే పీడితుడు, పట్టాదారు అనగానే పీడకుడు అని రాసేస్తే మన కథ ముతకబడుతుంది. వర్గాన్ని గుర్తించడానికి కాగితం మీది హోదా చాలదు. ఆ భూమి మీది ఆదాయం ఎవరికి, నష్టం ఎవరి నెత్తికి అన్నది చూడాలి.

అయినా ఆ వాదనలో ఒక లోపం ఉంది. భూమి మీద హక్కు వేరు, సాగుదారుగా గుర్తింపు వేరు. ఈ రెంటినీ విడదీయవచ్చునని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభే చూపింది. 2011లో వచ్చిన అధీకృత సాగుదారుల చట్టం కౌలు రైతుకు ఒక ఏడాదికి రుణార్హత కార్డు ఇవ్వమంది. ఆ కార్డు వల్ల భూమి మీద ఎలాంటి హక్కూ రాదని కూడా చెప్పింది. అప్పు పుట్టడానికి, పంట పోతే పరిహారం అడగడానికి మాత్రమే అది ఆధారం. పొరుగు ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టమూ పదకొండు నెలల ఒప్పందంతో కార్డు ఇస్తానంటుంది. కానీ ఒప్పందం మీద యజమాని సంతకం కావాలి. ఆ ఒక్క షరతు మొత్తం చట్టాన్ని యజమాని గుమ్మం ముందు నిలబెట్టింది. చూడండి, రెండు చట్టాలకూ ఉద్దేశం ఒకటే. తేడా అంతా ఒక సంతకంలో ఉంది.

మూడో సంగతి, చట్టాన్ని రద్దు చేసే సెక్షను. అది బిల్లు చివరలో ఉంటుంది, ఎవరూ అక్కడిదాకా చదవరు. 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టంలోకి తర్వాత 5-ఎ అనే సెక్షను చేరింది. రిజిస్ట్రేషను లేకుండా తెల్లకాగితం మీద జరిగిన కొనుగోళ్ళను, అంటే సాదాబైనామాలను, క్రమబద్ధం చేయడం దాని పని. 2020 అక్టోబరు, నవంబరు నెలల్లో ప్రభుత్వం వాటికి దరఖాస్తులు తీసుకుంటే తొమ్మిది లక్షలకు పైగా వచ్చాయి. సరిగ్గా ఆ మధ్యనే, అక్టోబరు 29న, కొత్త చట్టం అమలులోకి వచ్చి పాతది రద్దయింది. కొత్తదాంట్లో సాదాబైనామాకు సెక్షను లేదు. దరఖాస్తు ఉంది, దాన్ని విచారించే చట్టం లేదు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళి ఆగింది. అదే చట్టం రెవెన్యూ కోర్టులను కూడా తీసేసింది. కలెక్టరాఫీసు మెట్లు ఎక్కడమే కష్టమైన మనిషిని సివిల్ కోర్టుకు పొమ్మంది.

2024 ఆగస్టులో కొత్త బిల్లు ముసాయిదాను ప్రభుత్వం ప్రజల ముందు పెట్టి అభిప్రాయాలు అడిగింది. డిసెంబరు 18న రెవెన్యూ మంత్రి పొంగులేటి శ్రీనివాసరెడ్డి భూభారతి బిల్లును సభలో ప్రవేశపెట్టారు. 20న సభ ఆమోదించింది. 2025 ఏప్రిల్ 14న అది అమలులోకి వచ్చింది. ప్రయోగాత్మకంగా తీసుకున్న నాలుగు మండలాల్లో పాత పాలమూరు జిల్లాలోని మద్దూరు ఒకటి. ఆర్డీవోకు, కలెక్టరుకు అప్పీలు చేసుకునే దారి తిరిగి తెరుచుకుంది. పెండింగులో ఉన్న సాదాబైనామాలకూ చోటు దొరికింది. ఐదేళ్ళ లోపల ఒక చట్టం వచ్చి, పోయి, ఇంకొకటి వచ్చింది. ఆ ఐదేళ్ళూ తెల్లకాగితం పట్టుకుని తిరిగిన రైతుకు ఎవరు జవాబుదారీ?

ఆ ఆగస్టులో మనం ఏం చేశామో కూడా అడుక్కోవాలి. రైతు సంఘాలు ముసాయిదాను చదివాయి, వకీళ్ళు చదివారు. నేనూ చదివాను, కానీ వాన కోసం ఎదురు చూసే రైతు మీద కవిత దిద్దుకుంటూ అభిప్రాయం పంపడం వాయిదా వేశాను. గడువు దాటిపోయింది. ఈ వ్యాసం రాయడానికి ఆ సిగ్గు కూడా ఒక కారణం.

మన పూర్వులు ఈ పనిని తమది కాదనుకోలేదు. గోలకొండ పత్రికను నడిపిన సురవరం ప్రతాపరెడ్డి 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు వెళ్ళారు. దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్ళులో దేశ్‌ముఖు పక్కన కరణాన్ని కూడా నిలబెట్టారు. పెత్తనం కొరడాతో పాటు కలంతో కూడా సాగుతుందని ఆయనకు తెలుసు. కరణం పోయాడు. ఆ కలం ఇప్పుడు కంప్యూటరులో ఉంది, దానికి ఆజ్ఞ బిల్లులో ఉంది.

ఆ విద్యార్థికి నా జవాబు ఇది. మనిషి "వచ్చును", "వలెను" అన్న క్రియల మధ్య ఉన్నాడు. తీసేసిన కాలంలో ఉన్నాడు. అడిగిన సంతకంలో, రద్దు సెక్షనులో ఉన్నాడు. ఈసారి సమావేశాలకు బిల్లు వచ్చినప్పుడు పాత చట్టాన్ని పక్కన పెట్టుకుని చదువు. తర్వాత మద్దూరుకో, పాలకుర్తికో, మీ ఊరికో పోయి, దున్నుతున్న మనిషిని పిలిచి నీ పేరు ఎక్కడ రాసి ఉంది పెద్దాయనా అని అడుగు. అతను చెప్పేది రాసుకో. ముసాయిదా గడువు తీరకముందే దాన్ని శాసనసభకు పంపు. కథ ఆ తర్వాత రాసుకోవచ్చు.