కృష్ణాజిల్లా పుట్టుక: మెట్టసీమ పాలు

మనలో పెద్దలైనవారు బాల్యమునుండియు తమ చిరునామాలో కృష్ణాజిల్లా యని వ్రాసికొనుచు వచ్చినవారు. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీని నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. పేరు పోయినది గదా, ఇక ఆ జిల్లా చరిత్రతో మనకేమి సంబంధమని కొందరికి తోచవచ్చును. జిల్లా యెట్లు పుట్టినదో విచారించిన పిమ్మట ఆ మాట తేల్చుకొందము.

జగ్గయ్యపేట చెంత ధనంబోడు అను గుట్ట కలదు. దానిమీది బౌద్ధస్తూపమును 1882లో బర్జెసు దొర పరిశోధించెను. అచ్చటి ఆయకస్తంభములపై ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 20వ పాలనవత్సరపు ప్రాకృతశాసనము బయల్పడినది. అది క్రీ. శ. 3వ శతాబ్దపు మాట. స్తంభములు నిలిపినవాడు రాజు గాడు, మంత్రి గాడు, సిద్ధార్థుడను శిల్పి. తల్లియైన నాగిలనిని ముందిడుకొని, భార్యను, బిడ్డలను, సోదరుని పేరుపేరున చెప్పి, సకలప్రాణుల హితసుఖములకై మహాచైత్యపు తూర్పువాకిట ఐదు కంబములు నిలిపితినని వ్రాయించినాడు. తన తండ్రిది కమ్మకరాష్ట్రమందలి నడతూరు అనియు తెలిపినాడు. ఊరు, ఊరిపైని రాష్ట్రము! మనము గ్రామము, జిల్లా అని వ్రాయుటయు ఇట్టిదే. ఆ గుట్టమీది చలువరాతి ఫలకములు కొన్ని చెన్నపట్టణపు మ్యూజియము చేరినవి. మన పాత గుడులలో అక్షరములున్న రాళ్లకు సున్నము పూయువారు ఈ శిల్పిని ఒక్కసారి తలచుకొందురుగాక.

ఇంగ్లండులో కెంటు అను సీమ యున్నది. ఆ సీమ ప్రాచీననామమే పిదప రాజ్యమునకు చెల్లి, నేటికిని కౌంటీకి నిలిచినది. మనకట్లు జరుగలేదు. ఏలిక మారినకొలది సీమ పేరును మారెను. కాకతీయుల నాడు ఈ మెట్టప్రాంతము నతవాడిసీమలోనిది. ఆ సీమ నేలిన రుద్రునికి గణపతిదేవుడు తన సోదరి మేలాంబిక నిచ్చెను. పిమ్మట కొండపల్లి దుర్గమే ప్రధానమైనది. 1515లో కృష్ణదేవరాయలు దానిని పట్టుకొనెను. గోలకొండ నవాబుల నాడు కొండపల్లి యొక సర్కారు. 1766లో నిజాముతో జరిగిన సంధివలన ఉత్తరసర్కారులు కంపెనీవారి కధీనమైనవి. గుంటూరు మాత్రము 1788లోగాని దక్కలేదు. జగ్గయ్యపేట కీ పేరు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు తమ తండ్రి జ్ఞాపకార్థము పెట్టినది, పూర్వనామము బేతవోలు.

కృష్ణాజిల్లా యను పేరు 1859లో పుట్టెను. మచిలీబందరు, గుంటూరు జిల్లాలను కలిపి, నడుమ ప్రవహించు నది పేరు పెట్టిరి. అంతకు నాలుగేండ్ల ముందే, 1855లో, బెజవాడ ఆనకట్ట పూర్తియైనది. అయితే నది పేరు పంచుకొన్న మన మెట్టకు ఆ నీరు దక్కలేదు. ఆనకట్ట మనకు దిగువనున్నది. నీరు ఎగువకు ప్రాకునా? వానయు చెరువుయే మనకు దిక్కైనవి. నాగార్జునసాగరు ఎడమకాలువ వచ్చినదాక జిల్లా పేరు మనకు కాగితముమీది నదియే.

ఆ కాగితమును నిలుకడ లేనిదే. 1904లో గుంటూరు విడిపోయెను. 1925లో పశ్చిమగోదావరి యేర్పడెను. నందిగామ తాలూకాలోని మునగాల పరగణా చుట్టును నిజాము రాజ్యమే. దానిని 1959లో నల్లగొండలో కలిపిరి. నేడది తెలంగాణమందు సూర్యాపేట జిల్లాలోనిది. కావున 2022లో పోయినది నూటయరువదిమూడేండ్ల పేరు మాత్రమే. సిద్ధార్థుని కంబములు నిలిచిన గుట్ట అంతకు పదునారువందల యేండ్ల ముందే యిచ్చట నున్నది.