మీకు తెలుసా? చలికాలపు పెరటికి రోజూ నీళ్లక్కర్లేదు

అక్టోబరు దాటి ఎండ తగ్గాక మట్టిలో తడి నెమ్మదిగా ఆరుతుంది. అయినా చాలా పెరళ్లలో వేసవి అలవాటుగానే రోజూ నీళ్లు పోస్తుంటారు. వంగ, టమాటా మడుల్లో నారుకుళ్లు తెగులు ముదిరేది ఇలాంటి అదనపు తడిలోనే. మొక్క మొదట్లో వేలు రెండు కణుపుల లోతు దించినప్పుడు చల్లగా తగిలి మట్టి అంటుకుంటే, ఆ పూటకు నీళ్లు మానేయవచ్చు. పాదులో వరిగడ్డి, ఎండుటాకులు పరిస్తే తడి ఇంకొన్నాళ్లు నిలుస్తుంది.

నీటిని బాగా పొదుపు చేసేది కుండ పద్ధతి. రంగు వేయని మట్టికుండను మెడదాకా పాతి, నీళ్లు నింపి మూత పెడతారు. చుట్టూ నేల ఆరేకొద్దీ కుండ గోడలోంచి నీరు ఊరి వేళ్లకు అందుతుంది. నేల తడిగా ఉంటే ఊట తగ్గుతుంది. చైనాలో సుమారు 2,000 ఏళ్ల కిందటి ఫాన్ షెంగ్‌జీ వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి ఉంది.