ఐరన్ క్రాస్: లోహం చెప్పేది, కాగితం చెప్పేది

అమెరికాలోనో బ్రిటన్‌లోనో పాత వస్తువుల సంతల్లో వెండి అంచు, నల్లని నడిభాగం గల చిన్న శిలువ కనబడటం అరుదేమీ కాదు. రెండు ప్రపంచయుద్ధాల్లో పోరాడిన సైనికులు జ్ఞాపికలుగా ఇళ్లకు తెచ్చుకున్న జర్మన్ పతకాలు వారసుల చేతుల మీదుగా అంగళ్లకు చేరుతుంటాయి. అమ్మేవారు తరచు పతకంతోపాటు ఒక కథను కూడా వినిపిస్తారు. కథను కాక వస్తువును కొనాలన్నది సేకరణకర్తలలో వాడుకలో ఉన్న హెచ్చరిక. అయితే అది సగం సత్యమే. పతకం అసలైనదా కాదా అన్నది లోహం చెబుతుంది. అది ఎవరిది, ఏ సందర్భంలో లభించింది అన్నది కాగితం చెప్పాలి.

ఈ పతకాన్ని నెపోలియన్‌పై యుద్ధం ఆరంభమైన 1813లో ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విలియం నెలకొల్పాడు. మరణించిన రాణి లూయిజా జన్మదినమైన మార్చి 10ని దాని స్థాపనా దినంగా ప్రకటించాడు. రూపకల్పన వాస్తుశిల్పి కార్ల్ ఫ్రెడరిక్ షింకెల్‌ది. బంగారానికి బదులు ఇనుమును ఎంచుకోవడంలో కష్టకాలపు నిరాడంబరత ఉంది. హోదాతో నిమిత్తం లేకుండా సామాన్య సైనికుడికీ ఇవ్వడంలో కొత్తదనం ఉంది. తరువాత 1870లో, 1914లో, 1939లో దీనిని పునరుద్ధరించారు.

గుర్తింపులో మొదటి మెట్టు సంవత్సరం. 1914 నాటి శిలువ ముందువైపు మధ్యలో ‘డబ్ల్యూ’ అక్షరం, పైన కిరీటం, కింద సంవత్సరం ఉంటాయి. రెండవ తరగతి పతకానికి వెనుకవైపు ఓక్ ఆకులు, తొలి రాజు పొడి అక్షరాలు, 1813 అన్న అంకె కనిపిస్తాయి. 1939 నాటిదానిలో ముందు నాజీ చిహ్నం, ఆ సంవత్సరం ఉంటాయి. వెనుక 1813 మాత్రమే మిగిలింది. కనుక వెనుకవైపు అంకెను మాత్రమే చూసి నెపోలియన్ కాలపు పతకమని భ్రమపడటం సులభం. రిబ్బను కూడా సాక్ష్యమే: 1914 నాటిది నలుపు తెలుపు, 1939 నాటిదానిలో నడుమ ఎరుపు చేరింది.

రెండవ మెట్టు నిర్మాణం. సంప్రదాయ పద్ధతిలో ఇది మూడు ముక్కల వస్తువు. నల్లరంగు వేసిన ఇనుప పలకను రెండు వెండి చట్రాల నడుమ ఇమిడ్చి, అంచుల్లో టంకం వేసి అతికిస్తారు. భూతద్దంతో అంచు చూస్తే ఆ అతుకు కనబడుతుంది. అచ్చులో కరిగించి పోసిన నకళ్లలో అతుకు ఉండదు; గీతలు మొద్దుబారి, ఉపరితలంపై సన్నని గుంటలు కనిపిస్తాయి. అయస్కాంతం ఉపయోగమే కాని దాని తీర్పు అంతిమం కాదు. ఇనుముకు బదులు ఇతర లోహపు పలక వాడిన అసలైన శిలువలూ ఉన్నాయి, ఇనుము వాడిన నకళ్లూ ఉన్నాయి. ఉంగరంపై తయారీదారు ముద్రను అక్షరం ఆకృతితో సహా పోల్చి చూడాలి. అతినీలలోహిత దీపం కింద రిబ్బను నీలితెలుపుగా మెరిస్తే, దానిలో యుద్ధం తరువాత విస్తృతంగా వాడుకలోకి వచ్చిన రసాయనాలు ఉన్నాయని అనుమానించాలి. అయితే పాత పతకానికి కొత్త రిబ్బను తగిలించి ఉండవచ్చు.

ధరను నిర్ణయించేది వయసు కాదు, అరుదుదనం. మొదటి ప్రపంచయుద్ధంలో రెండవ తరగతి శిలువలు సుమారు 50 లక్షలు ఇచ్చారు. మొదటి తరగతివి రెండు లక్షల పైచిలుకు మాత్రమే. అందుచేత శతాబ్దం దాటినా సాధారణ రెండవ తరగతి పతకం ధర వంద డాలర్లకు అటూ ఇటూగా ఉంటుంది. 1939 తరువాత వచ్చిన నైట్స్ క్రాస్ ఏడు వేలకు కొద్దిగా మించి మాత్రమే ప్రదానమైంది కాబట్టి అది వేల డాలర్లు పలుకుతుంది. నకళ్ల తయారీదారుల దృష్టి కూడా సహజంగా దానిపైనే. రుద్ది మెరుగుపెట్టిన పతకం విలువ తగ్గుతుంది. పోయిన పాత పూత తిరిగి రాదు.

ఇక కాగితం సంగతి. ప్రష్యన్ సైన్యపు దస్తావేజులను పోట్స్‌డామ్‌లో భద్రపరిచేవారు. 1945 ఏప్రిల్ 14న జరిగిన వైమానిక దాడిలో వాటిలో అధికభాగం కాలిపోయింది. బవేరియా సైనికుల వివరాలు మ్యూనిక్‌లో మిగిలాయి కాని, ప్రష్యా సైనికుల విషయంలో ఒక కుటుంబం దాచుకున్న ప్రదానపత్రమో సైనిక పుస్తకమో ఏకైక ఆధారం కావచ్చు. 1918లో హిట్లర్‌కు మొదటి తరగతి శిలువ ఇవ్వాలని సిఫారసు చేసిన లెఫ్టినెంట్ హ్యూగో గుట్మన్ యూదుడు. అదే పతకాన్ని తానూ పొందినవాడు. నాజీల పాలనలో దేశం విడిచి చివరకు అమెరికా చేరాడు. ఈ ఇద్దరి పతకాలనూ పక్కపక్కన పెడితే లోహం వారి మధ్య తేడా చెప్పలేదు.

అయినా, పతకాన్ని, పత్రాన్ని, ఛాయాచిత్రాన్ని విడివిడిగా అమ్మితే ఎక్కువ రాబడి వస్తుందని కట్టను విడదీసేవారున్నారు. ఆ క్షణంతో ఒక మనిషి పేరు పతకం నుంచి ఊడిపోతుంది. తిరిగి అతికించే టంకం లేదు.

చట్టాన్ని కూడా గమనించాలి. తెలుగువారి గడపల మీద శుభసూచకమైన స్వస్తికకు, నాజీలు వాడుకున్న చిహ్నానికి అర్థంలో పోలిక లేదు. జర్మన్ శిక్షాస్మృతి 86ఏ విభాగం నాజీ చిహ్నాల బహిరంగ ప్రదర్శనను నిషేధిస్తుంది. పరిశోధన, బోధన వంటివాటికి మినహాయింపులున్నాయి. 1957 నాటి చట్టం పాత సైనికులు ఆ చిహ్నం తొలగించి, ఓక్ ఆకులు చేర్చిన రూపాన్ని ధరించడానికి అనుమతించింది. కనుక ఓక్ ఆకులున్న 1939 శిలువ నకలు కానక్కరలేదు. యుద్ధకాలపుది మాత్రం కాదు.

ఇలాంటి కట్ట చేతికి వచ్చినవారు చేయదగిన మొదటి పని ధర వాకబు చేయడం కాదు. పతకాన్ని తుడవకుండా, కాగితాలను విడదీయకుండా, అన్నింటినీ ఒకేచోట ఉంచి ఛాయాచిత్రం తీయాలి. ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందో రాసిపెట్టాలి. వెల ఆ తరువాతైనా తెలుసుకోవచ్చు.